పైరుకు దఫదఫాలుగా, ఒంటికి మాత్రం ఆదివారమే!

మటన్ తింటేనే ఒంటికి బలం అనీ, నాటుకోడి అయితే కండ పడుతుందనీ, ఫారం కోడి ఉత్త నీళ్ళ కూర అనీ, గుడ్డు పిల్లల తిండి అనీ మన పల్లెల్లో ఒక లెక్క ఉంది. ఎవరు కట్టారో గానీ ఈ లెక్కను పట్టుకునే చిన్న రైతులు డబ్బు ఖర్చు పెడుతున్నారు. వారమంతా చారు, పచ్చడి మెతుకులతో గడుపుతారు. ఇంట్లో పెట్టలు పెట్టిన గుడ్లను కిరాణా కొట్టుకి అమ్ముతారు. ఆ డబ్బుకి ఇంకొంత కలిపి ఆదివారం అరకిలో మటన్ తెస్తారు. రుచి కోసం అయితే ఎవరికీ పేచీ లేదు. నెలకోసారి నోరు కోరింది తినే హక్కు కష్టం చేసేవాడికి లేకపోతే ఇంకెవరికి ఉంటుంది? బలం కోసం అయితే మాత్రం రైతు సోదరులు ఒకసారి ఆగి లెక్క చూసుకోవాలి. మన పొట్టకు మాంసం జాతీ తెలియదు, ధరా తెలియదు.

ముందుగా ఒక మాట. మాంసం తినని వారిని తినమని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఎవరి ఇంటి ఆచారం వారిది. మేక, గొర్రె, కోడి, చేప, పంది, పెద్దకూర, ఎవరు ఏది తింటారన్నది వారి అలవాటు. తినేవారు పెట్టిన డబ్బుకి ఒంటికి దక్కేది ఎంత అన్నదే ఇక్కడి సంగతి.

కడుపులో పడ్డాక

మాంసంలో మనకు పనికొచ్చే ముఖ్యమైన సరుకు మాంసకృత్తులు. ఇప్పుడు అందరూ ప్రోటీన్లు అంటున్నారు. ఇవి పొడుగాటి గొలుసుల్లాంటివి. గొలుసులో ఒక్కో కడియం పేరు అమైనో ఆమ్లం. గొలుసు గొలుసుగానే ఒంట్లోకి పోదు, ముందు విడగొట్టాలి.

నోట్లో పళ్ళు నలగ్గొట్టడమే గానీ మాంసకృత్తులు అరిగే పని అక్కడ మొదలవదు. జీర్ణాశయంలోకి దిగాక అక్కడ ఊరే హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఘాటుకి ఈ గొలుసుల చుట్టలు విచ్చుకుంటాయి. పెప్సిన్ అనే ఎంజైము వాటిని పెద్ద ముక్కలుగా కోస్తుంది. అక్కణ్ణించి చిన్నప్రేగులోకి జారగానే క్లోమగ్రంథి రసంలోని ట్రిప్సిన్, కైమోట్రిప్సిన్ అనేవి ఇంకా చిన్న ముక్కలు చేస్తాయి. ప్రేగు గోడల్లో ఉండే ఎంజైములు మిగతా పని పూర్తిచేసి విడివిడి అమైనో ఆమ్లాలుగా రక్తంలోకి పంపుతాయి. ఆ రక్తం ముందు కాలేయానికి పోతుంది. అక్కడికి చేరేసరికి ఇది గొర్రెదా, ఫారం కోడిదా, కొర్రమీనుదా అని చెప్పే గుర్తు ఏదీ మిగలదు. అన్నీ అవే ఇరవై రకాల అమైనో ఆమ్లాలు. అందులో తొమ్మిదింటిని ఒళ్ళు సొంతంగా చేసుకోలేదు, తిండిలోనే రావాలి. ఆ తొమ్మిదీ మేక కండలోనూ ఉన్నాయి, కోడి కండలోనూ ఉన్నాయి, చేపలోనూ, గుడ్డులోనూ ఉన్నాయి.

రైతుకి ఇది అర్థం కాని సంగతేమీ కాదు. పొలానికి పశువుల ఎరువు తోలినా, వేపపిండి వేసినా, బస్తా యూరియా చల్లినా పైరు వేరు పీల్చుకునేది చాలామటుకు అమ్మోనియం, నైట్రేటు రూపంలోకి మారిన నత్రజనినే. వేరుకి బస్తా మీద కంపెనీ బొమ్మ కనపడదు. మాంసకృత్తులు కూడా నత్రజని సరుకే. నూరు గ్రాముల మాంసకృత్తుల్లో దాదాపు 16 గ్రాములు నత్రజనే ఉంటుంది.

ఎముక తీసేసిన పచ్చి మాంసం నూరు గ్రాములు తీసుకుంటే, కొవ్వు లేని ముక్కలో మాంసకృత్తులు మేకైనా గొర్రెైనా కోడైనా పందైనా పెద్దకూరైనా 20 గ్రాములకు కాస్త అటూ ఇటూ. చేపలో 17 నుంచి 20 దాకా. గుడ్డు ఒక్కటికి సుమారు 6 గ్రాములు. తిన్నదాంట్లో ఎంత అరిగి ఒంటికి పట్టిందన్న లెక్క కూడా శాస్త్రవేత్తలు తీశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో అచ్చువేసిన నివేదికలో ఈ లెక్క గుడ్డుకి నూటికి 97, మాంసానికీ చేపకీ 94, తెల్ల బియ్యానికి 88, చిక్కుడు జాతి గింజలకి 78 అని ఉంది. అంటే మాంసాలన్నీ ఒకే గాటన కట్టవచ్చు. పైగా అన్నిటికంటే పైమెట్టు మీద ఉన్నది మనం పిల్లల తిండి అని తీసిపారేసిన గుడ్డే!

గుడ్డు మాటెత్తాం గనక ఇది కూడా. ఎక్సర్‌సైజులు చేసే కుర్రాళ్ళు పచ్చిగుడ్డు గ్లాసులో కొట్టుకుని తాగుతుంటారు. పచ్చిదైతేనే బలమట. బెల్జియం పరిశోధకులు 1998లో ప్రచురించిన పరిశీలనలో ఉడికించిన గుడ్డు మాంసకృత్తులు 91 శాతం అరిగితే, పచ్చిగుడ్డువి 51 శాతమే అరిగాయి. సగం గుడ్డు వృథా. సాల్మొనెల్లా వంటి క్రిముల భయం దానికి అదనం. ఉడకబెట్టుకు తినండి.

మరి మటన్ ఎందుకు బరువు?

"అంతా ఒకటే అయితే మటన్ తింటే సాయంత్రం దాకా ఆకలి ఎందుకు వేయదు? చేప తింటే రెండు గంటలకే కడుపు ఎందుకు ఖాళీ అవుతుంది?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. దానికి కారణం మాంసకృత్తులు కాదు. కొవ్వు ఒకటి, నార రెండోది.

కొవ్వు ఎక్కువున్న తిండి జీర్ణాశయం నుంచి కిందికి నెమ్మదిగా దిగుతుంది. ఇది ఈనాటి మాట కాదు. అమెరికాలో 1822లో తుపాకి దెబ్బ తగిలి పొట్టకు కన్నం పడ్డ అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే కూలి మనిషిని విలియం బ్యూమాంట్ అనే డాక్టరు బతికించాడు. గాయం మానింది గానీ కన్నం పూడలేదు. డాక్టరు ఆ కన్నంలోంచి దారం కట్టిన తిండి ముక్కల్ని లోపలికి వదిలి, బయటికి తీసి చూసి, ఏది ఎంతసేపటికి అరుగుతుందో పట్టిక రాసి 1833లో పుస్తకం వేశాడు. అందులో కాల్చిన గొర్రె మాంసానికి మూడుంపావు గంటలు, కాల్చిన కొవ్వు పంది మాంసానికి ఐదుంపావు గంటలు పట్టినట్టు ఉంది. పాపం ఆ కూలి మనిషి ఏళ్ళ తరబడి పొట్ట తెరిచి చూపించుకుంటూ బతికాడు. అతని పుణ్యాన లోకానికి తెలిసిందేమంటే ఆలస్యంగా అరగడం వేరు, ఎక్కువ బలం రావడం వేరు. కడుపు బరువుగా ఉండటాన్ని మనం బలం అనుకుంటున్నాం.

ఇక నార సంగతి. కండకీ కండకీ మధ్య, కండని ఎముకకు పట్టి ఉంచేచోట కొల్లాజెన్ అనే గట్టి పదార్థం ఉంటుంది. జీవానికి వయసు పెరిగేకొద్దీ ఇది బిగుస్తుంది. ఎక్కువ తిరిగే జీవంలో, కాళ్ళ కండల్లో ఇది మరీ గట్టి. చేపలో చాలా తక్కువ, అందుకే చేప ఇట్టే ఉడికి పొరలు పొరలుగా విడిపోతుంది. ఫారం కోడి 35, 42 రోజులకే రెండు కిలోల దాకా పెరిగి కత్తికి పోతుంది. దాని ఒంట్లో నార ముదిరే అవకాశమే లేదు. నాటుకోడి అయిదారు నెలలు పెంటల మీద, దొడ్ల వెంట తిరిగి పెరుగుతుంది. అందుకే ముక్క గట్టి, రుచి ఎక్కువ. పళ్ళకు పని చెప్పే కూరని మనం బలమైన కూర అంటున్నాం. రుచికి నాటుకోడికి సాటి లేదు, ఒప్పుకుంటాను. కండ పట్టే లెక్కలో మాత్రం ఫారం కోడి దానికి తీసిపోదు.

ఫారం కోళ్ళకు హార్మోను సూదులు వేసి పెంచుతారన్న మాట ఊరూరా ఉంది. వేల కోళ్ళను పట్టుకుని ఒక్కోదానికి సూది వేసే కూలి ఖర్చు ఏ రైతుకి గిడుతుంది? ఆ కోడి తొందరగా పెరిగేది తరాల తరబడి చేసిన జాతి ఎంపిక వల్ల, దాణా వల్ల. భయపడాల్సింది ఇంకోటుంది, యాంటీబయాటిక్ మందులు. ఎదుగుదల కోసం దాణాలో వాడుతున్నారనే 2019లో కేంద్ర ప్రభుత్వం కొలిస్టిన్ అనే మందును మనం తినే జీవాలకు వాడకుండా నిషేధించింది. కోళ్ళు పెంచే రైతులు ఈ విషయంలో నిజాయితీగా ఉండాలి. మందు వేశాక ఇన్ని రోజులు ఆగి అమ్మాలని సీసా మీద రాసి ఉంటుంది. ఆ గడువు పాటించాలి.

నార గట్టిగా ఉందని అరగకుండా పోదు. నీళ్ళు పోసి నిదానంగా ఉడికిస్తే కొల్లాజెన్ మెత్తబడి జిగురవుతుంది. ముదురు మాంసంలో పచ్చి బొప్పాయి ముక్క వేసే అలవాటు మన ఆడవాళ్ళకు ఎప్పటినుంచో ఉంది. అది ఊరికే వచ్చిన అలవాటు కాదు. బొప్పాయి పాలలో పపైన్ అనే ఎంజైము ఉంది, అది కడుపులో పెప్సిన్ చేసే పనినే గిన్నెలో మొదలుపెడుతుంది. పళ్ళూడిన ముసలివారికి ముక్కలు వేసి, వారు చప్పరించి పక్కన పెడితే "నాన్నకి మాంసం పడట్లేదు" అనేస్తారు. ఖీమా కొట్టించి వండి పెట్టండి, మెత్తటి చేప పెట్టండి. నలిగిన మాంసం తొందరగా అరుగుతుంది. పెద్దవయసులో కండ కరిగిపోయేటప్పుడు మాంసకృత్తులు ఇంకా అవసరం, తగ్గించేవి కావు.

కాళ్ళ చారు గురించి కూడా చెప్పాలి. ఎముక విరిగిందంటే చాలు మేక కాళ్ళ కోసం పరిగెత్తుతారు. ఆ చారులో దిగేది ఎక్కువగా ఇందాక చెప్పిన జిగురే. ఆ జిగురులో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం అసలుండదు. తప్పనిసరిగా కావలసిన తొమ్మిదిలో ఒకటి లేకపోతే దాంతో కండ కట్టడం కుదరదు. ఎముకలోని కాల్షియం కూడా చారులోకి దిగేది కొంచెమే. వేడివేడిగా తాగితే హాయిగా ఉంటుంది, తాగండి. దాంతో పాటు రెండు గుడ్లు, గ్లాసు పాలు ఇవ్వకుండా ఉత్త చారు మీదే మనిషిని నిలబెడతామంటే కుదరదు.

జింకు లోపం పొలానికేనా?

వరికి నత్రజని, భాస్వరం, పొటాష్ అన్నీ వేసినా జింకు లోపిస్తే ఆకు తుప్పు రంగు తేలి పైరు ఎదగదు. మిగతావి ఎంత ఉన్నా లేనిదే అడ్డం పడుతుంది. మాంసకృత్తుల్లోనూ ఇదే న్యాయం. బియ్యంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. అందుకని అన్నంలోని మాంసకృత్తులు పూర్తిగా కండకు పనికిరావు. కందిపప్పులో లైసిన్ బాగా ఉంది, మెథియోనిన్ తక్కువ. రెండూ కలిపి తింటే ఒకదాని లోటు ఇంకోటి పూడుస్తుంది. ముద్దపప్పు అన్నం తిన్న మన పెద్దలు తెలివితక్కువ వారేమీ కాదు.

మాంసం, చేప, గుడ్డులో లైసిన్ దండిగా ఉంది. అందుకే పళ్ళెం నిండా ముక్కలు అక్కర్లేదు. అన్నంలో ఒక గుడ్డో, చిన్న చేపలు నాలుగో ఉన్నా ఆ పూట అన్నంలోని మాంసకృత్తుల విలువ కూడా పెరుగుతుంది. చెరువు పట్టినప్పుడు వచ్చే పరిగెలు, జెల్లలు వంటి చిన్న చేపల్ని బేరానికి లొంగకపోతే ఊరికే పంచేస్తారు. అవి బొచ్చె, శీలావతి కంటే ఒంటికి తక్కువేమీ కాదు. ముల్లుతో సహా నమిలి తినేవి అయితే కాల్షియం కూడా దక్కుతుంది. ఎండుచేప కూడా మంచిదే, నీరు పోయి మాంసకృత్తులు చిక్కబడి ఉంటాయి. ఉప్పు ఎక్కువ గనక బీపీ ఉన్నవారు నానబెట్టి, కడిగి, తక్కువ తినాలి.

ఒళ్ళు గాదె కాదు

ఇప్పుడు అసలు మాట. మిగిలిన కొవ్వుని ఒళ్ళు పొట్ట కింద దాచుకుంటుంది. పిండిపదార్థాన్ని కొంత కాలేయంలో, కండల్లో నిలవ చేసుకుంటుంది. మాంసకృత్తులకు మాత్రం అలాంటి గాదె లేదు. ఆదివారం మధ్యాహ్నం తిన్న మాంసంలో ఆ రోజు మరమ్మతుకి, కండకి కావలసింది వాడుకుంటుంది. మిగిలిన అమైనో ఆమ్లాల నుంచి నత్రజని భాగాన్ని కాలేయం విడదీస్తుంది. తక్కినది వంటచెరకులా మండిపోతుంది, లేదా కొవ్వుగా మారుతుంది. విడదీసిన నత్రజని ఏమవుతుందో తెలుసా? యూరియా అవుతుంది! మీరు బస్తాల్లో తెచ్చే యూరియా, మూత్రపిండాలు వడగట్టి బయటికి పంపే యూరియా రసాయనికంగా ఒకటే సరుకు. 1828లో జర్మన్ శాస్త్రవేత్త వోలర్ దాన్ని జీవం లేని పదార్థాల నుంచి తయారుచేసేదాకా అది జీవుల ఒంట్లోనే పుడుతుందనుకునేవారు.

వరికి యూరియా అంతా ఒకేసారి చల్లే రైతు ఇవాళ ఎవరూ లేరు. దమ్ములో కొంత, పిలక దశలో కొంత, చిరుపొట్టకు కొంత అని దఫాలుగా వేస్తారు. ఒకేసారి వేస్తే పైరు తీసుకున్నంత తీసుకుంటుంది, మిగతాది ఆవిరై, నీళ్ళలో కొట్టుకుపోతుందని తెలుసు. పైరు మీద ఉన్న ఈ తెలివి మన ఒంటి మీద ఎందుకు లేదు? వారానికోసారి మేత వేస్తే పాడి గేదె పాలిస్తుందా?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు తయారుచేసి 2020లో ఐసీఎంఆర్ వెలువరించిన లెక్క ప్రకారం 65 కిలోల మగమనిషికి రోజుకి 54 గ్రాములు, 55 కిలోల ఆడమనిషికి 46 గ్రాముల మాంసకృత్తులు కావాలి. గర్భిణికి చివరి మూడు నెలల్లో ఇంకో 22 గ్రాములు అదనం. నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లలకు 16 గ్రాములు. నాలుగొందల గ్రాముల బియ్యం వండుకు తింటే 30 గ్రాముల దాకా వస్తాయి, అవీ లైసిన్ లోటుతో. పప్పు నీళ్ళలా కాస్తే అందులో ఏముంటుంది?

అరకిలో మటన్ తెచ్చి నలుగురు తిన్నారనుకోండి. ఎముక పోగా దాంట్లో మాంసకృత్తులు 75 గ్రాములు. తలకి 19 గ్రాములు. అంటే వారంలో ఒక్క రోజు అవసరంలో మూడో వంతుకి కాస్త పైన. మిగతా ఆరు రోజుల మాటేమిటి?

ధరల లెక్క కూడా వేద్దాం. ఊరూరికీ ధర మారుతుంది గనక మీ ఊరి ధర మీరు వేసుకోండి. మటన్ కిలో ఎనిమిది వందలు అనుకుంటే ఒక గ్రాము మాంసకృత్తులకు అయిదు రూపాయలు దాటుతుంది. కోడి మాంసం కిలో రెండు వందల నలభై అనుకుంటే రూపాయి ముప్పావలా. గుడ్డు ఏడు రూపాయలనుకుంటే రూపాయీ ఇరవై పైసలు. ఆ ఆదివారం పెట్టే నాలుగు వందల్లోనే పావుకిలో మటన్ తెచ్చుకోండి, రుచి పోదు. మిగిలిన రెండు వందలకు 28 గుడ్లు వస్తాయి. నలుగురికి ఏడు రోజులు, రోజుకొక్కొక్కటి. తలకి వారానికి 42 గ్రాములు, అదీ దఫదఫాలుగా.

పళ్ళెంలో ఎవరికి ఎన్ని ముక్కలు?

మాంసాలన్నీ ఒకటే అన్నాను గానీ ఒక్క విషయంలో తేడా ఉంది. ఇనుము. మేక, గొర్రె, పెద్దకూర వంటి ఎర్ర మాంసంలో ఇనుము కోడి కంటే ఎక్కువ. కార్జంలో, నల్లలో ఇంకా ఎక్కువ. పైగా మాంసంలో ఉన్న ఇనుములో చాలాభాగం హీమ్ అనే రూపంలో ఉంటుంది. దాంట్లో 15 నుంచి 35 శాతం దాకా ఒంటికి పడుతుంది. ఆకుకూర ఇనుములో పదో వంతు పట్టడమే కష్టం. మాంసం ముక్కతో కలిపి తింటే ఆకుకూరలోని ఇనుము కూడా బాగా పడుతుంది. గోంగూర మటన్ కనిపెట్టిన తల్లి ఎవరో గానీ ఆమెకి దండం పెట్టాలి!

ఈ ఇనుము ఎవరికి కావాలి? మగవాడికి రోజుకి 19 మిల్లీగ్రాములు చాలు, ఈడులో ఉన్న ఆడమనిషికి 29 కావాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంటే నాట్లు వేసే వరసలో పదిమంది నిలబడితే అయిదారుగురికి రక్తం తక్కువ. గొర్రెల సంఖ్యలో 2019 పశుగణనలో తెలంగాణ దేశంలో మొదటిది, ఆంధ్ర రెండోది. గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశానికే ముందు వరసలో ఉంది. సరుకు మన దగ్గరే ఉంది, రక్తం లేనిది కూడా మన ఇళ్ళల్లోనే.

కారణం పళ్ళెంలోనే ఉంది. మటన్ వండిన రోజు ముందు ఇంటి యజమానికి, ఆయనతో పాటు మందు సీసాతో కూర్చున్న స్నేహితుడికి, తర్వాత మగపిల్లలకి. కార్జం ముక్కలు ఏరి యజమాని కంచంలో వేస్తారు. వండిన ఆవిడ చివర్లో గిన్నె తుడిచి పులుసు కలుపుకుంటుంది. పులుసులో నూనె, కారం, మసాలా ఉంటాయి. మాంసకృత్తులు ముక్కలో ఉంటాయి. ఇది మాటల్లో పెడితే చాలామందికి కోపం వస్తుందని తెలుసు. అయినా అడుగుతున్నాను, కలుపు తీసే కూలికి అన్నం తక్కువ పెట్టి గట్టుమీద కూర్చున్నవాడికి ఎక్కువ పెట్టే రైతు ఉంటాడా? కార్జం వండితే వారానికోసారి అయినా పెళ్ళీడు ఆడపిల్ల కంచంలో, రక్తం తక్కువున్న ఇల్లాలి కంచంలో వేయండి. గర్భిణులు మాత్రం కార్జం తరచుగా, ఎక్కువగా తినకూడదు, అందులో విటమిన్ ఎ మోతాదు మించుతుంది. వారికి గుడ్డు, చేప, మామూలు మాంసం మంచివి. నర్సమ్మ ఇచ్చే ఇనుము మాత్రలు మానకూడదు. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటు తగ్గించి, కూరలో నిమ్మకాయ పిండుకుంటే ఇనుము ఇంకాస్త దక్కుతుంది.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఈ లెక్కలు వర్తించవు. యూరియా వడగట్టే మిషనే పాడైనప్పుడు మాంసకృత్తులు ఎంత తినాలో డాక్టరే చెప్పాలి.

అమ్మాలా, తినాలా?

నాటుకోడికి ఫారం కోడికి రెండింతలు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ ధర పలుకుతుంది. నాటుగుడ్డు కూడా అంతే, పట్నం వాళ్ళు ఎగబడి కొంటారు. లెక్క ప్రకారం చూస్తే నాటుకోడిని అమ్మి ఫారం కోడి తెచ్చుకోవడం, ఒక నాటుగుడ్డు అమ్మి రెండు తెల్లగుడ్లు తెచ్చుకోవడం లాభం. నాటుగుడ్డు సైజు కూడా చిన్నది. పట్నం వాడు రుచికి, మోజుకి డబ్బిస్తున్నాడు, పుచ్చుకోవడంలో తప్పు లేదు.

చిక్కు ఎక్కడంటే, అమ్మిన డబ్బు తిరిగి గుడ్డుగా ఇంటికి రాదు. అది దారిలో కిరాణా బాకీలోకి, పురుగుమందు కొట్టు ఖాతాలోకి, సాయంత్రం బెల్టు షాపులోకి పోతుంది. గుడ్ల డబ్బు ఇల్లాలి చేతిలో ఉండి, ఆమె మాట చెల్లే ఇంట్లో అయితే అమ్మండి, రెండింతలు తెచ్చుకోండి. అలా కాని ఇంట్లో మాత్రం గుడ్డు గడప దాటకూడదన్నదే నా అభిప్రాయం. పుంజుల్ని అమ్ముకోండి, వాటి మీదే డబ్బెక్కువ. పెట్టల గుడ్లలో ముందు ఇంటి పిల్లలకు, ఆడవాళ్ళకు తీసి పక్కన పెట్టి, మిగిలినవి అమ్మండి.

గుడ్లు మిగలాలంటే పెట్టలు బాగా పెట్టాలి. మామూలు నాటుపెట్ట ఏడాదికి 50, 60 గుడ్లు దాటడం అరుదు, పొదుగుడు మీద కూర్చుంటే నెల పోతుంది. రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన సంస్థ వారు పెరటి పెంపకానికి తయారుచేసిన గ్రామప్రియ పెట్టలు అంతకు రెండింతల పైన పెడతాయి. మాంసం, గుడ్డు రెండూ కావాలంటే వనరాజా ఉంది. పిల్లలుగా తెచ్చిన మొదటి నెలన్నర వెచ్చదనం, దాణా, కొక్కెర టీకా చూసుకోవాలి. ఆ తర్వాత పెరట్లో వదిలి, సాయంత్రం నూకలు, తవుడు వేస్తే చాలు. అయిదారు పెట్టలుంటే నలుగురున్న ఇంటికి గుడ్ల కరువు చాలావరకు తీరుతుంది. పిల్లలు ఎక్కడ దొరుకుతాయో మీ మండల పశువైద్యుణ్ణి గానీ, దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ అడగండి. ఎండాకాలం పిల్లలు తట్టుకోవు గనక తొలకరి తర్వాత తెచ్చుకుంటే మంచిది.